ఆ జారుడు ఎవరి వేలిది?

కిందటి వారం మా మరిది "టేపు తీయించండి, అందరి ముందూ విందాం" అని సవాలు విసిరి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయిన చోట ఆపాను. ఆ తలుపు గొళ్ళెం ఊడి ఇంకా వేలాడుతూనే ఉంది, బాగు చేయించేవాళ్ళు లేరు. అది చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను.

మా మరిది బేస్ గిటార్ వాయిస్తాడు. మామూలు గిటార్ తీగలు సన్నగా ఉంటాయి, దీని తీగలు బట్టలారేసే తాడులా ఉంటాయి. అందుకని బ్యాండులో వాడికి లావుతీగ అని పేరు పెట్టారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు పోయి అదే మిగిలింది. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికింకా మీసం రాలేదు, అందుకే నాకు వాడు 'వాడే'. మా ఆయన అదే బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. బ్యాండు నడిపినాయన శాక్సోఫోన్ ఊదేవాడు. ఎదురుగా ఉంటే ఆయన్ని గురువుగారు అనేవాళ్ళు, పక్కకి తిరిగితే గొట్టం. మొన్నామధ్య మరిది రేడియోలో కూర్చుని, "ఆ పాటకి ప్రాణం పోసింది నా బేసు. పేరు మాత్రం గొట్టం కొట్టేశాడు" అన్నాడు. గొట్టం ఊరుకుంటాడా? పాతవాళ్ళందరూ కలిసిన చోట మైకు పట్టుకుని, "అసలు అందులో బేసు వాయించింది వీడు కాదు. కొత్తగా అచ్చేస్తున్న రికార్డు మీద వీడి పేరు ఉండదు" అనేశాడు. అదీ గొడవ.

ఇంతకీ ఆ పాట లేకపోతే మా మరిదికి ఏముందో కూడా చెప్పాలి. హోటల్లో జనం వీపులు చూపించి భోజనం చేస్తుంటే మూల నిలబడి వాయించడంతో మొదలుపెట్టాడు. అప్పట్లో వాడిది నిలువెత్తు చెక్క బేసు. దాన్ని బస్సెక్కిస్తే కండక్టరు "ఈ పెద్దమనిషికి కూడా టికెట్ తీయండి" అన్నాడట. తర్వాత ఓడల మీద వాయించాడు, ప్రకటనలకి వాయించాడు, సినిమా పాటల్లో పేరు లేకుండా వాయించాడు. "జాజ్‌లో బేసు నడుస్తుంది వదినా, షికారుకి పోయినట్టు ఆగకుండా పోతుంది. ఫంక్‌లో ఆగుతుంది. ఎక్కడ ఆగాలో తెలిసినవాడే మొనగాడు" అని నాకు పాఠం చెప్పేవాడు. "ఆ సంగతి సీసా దగ్గర కూడా తెలిస్తే బాగుండును" అనేదాన్ని నేను.

తాగుడు వల్ల ఒక్కో బ్యాండే జారిపోయింది. ఆ పాట మాత్రం జారలేదు. ఎక్కడికి వెళ్ళినా "ఆ పాట వాయించిన ఆయన" అని కుర్చీ వేసేవాళ్ళు. ఇప్పుడు సంగీతం బడిలో పిల్లలకి నేర్పే ఉద్యోగం కూడా ఆ పాట చూసి ఇచ్చిందే. అందులో పాట మధ్యన బేసు ఒక స్వరం మీద నుంచి దూరంగా ఉన్న ఇంకో స్వరం మీదికి జారుతుంది. మెట్లు దిగుతూ కాలు జారి, పడబోయి, ఎలాగో నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. ఆ జారుడు కోసమే కుర్రకారు వాడి చుట్టూ చేరేది. "ఇది వేలితో వచ్చేది కాదు, లోపల దెబ్బ తిన్నవాడికి వస్తుంది" అని వాళ్ళకి చెప్పేవాడు.

సరే, సవాలు విసిరాడు కదా. గొట్టం ఒప్పుకున్నాడు. స్టూడియోకి మేం బయలుదేరిన ఉదయం మా తోడికోడలు, అంటే మరిది పెళ్ళాం, వంటగది గట్టుకి ఆనుకుని నిలబడిపోయింది.

"నేను రానక్కా. తలనొప్పిగా ఉంది. అసలు ఆయన్ని కూడా ఆపండి మీరు. మీ మాటైతే వింటారు."

"ఇన్నేళ్ళలో వాడు నా మాట విన్నది అన్నం తినమన్నప్పుడే. మొగుడి పేరు నిలబడే పూట నువ్వు ఇంట్లో కూర్చుంటే ఏం బావుంటుందే? పద" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. తలనొప్పి వల్లే అనుకున్నాను.

స్టూడియో అంటే పెద్ద హంగు ఊహించుకోకండి. గోడలకి గుంటలు గుంటలుగా స్పాంజి, చిల్లులు పడ్డ కార్పెట్టు, ఫ్రిజ్ తలుపంత మందాన తలుపు. అది మూస్తే చెవులకి దూది పెట్టినట్టు ఉంటుంది. పొడుగాటి బల్ల నిండా పైకీ కిందికీ జరిగే మీటలు. వాటి ముందు రికార్డింగాయన, మెడకి పట్టీ కట్టుకుని, ఎవరైనా పిలిస్తే కుర్చీతో సహా తిరిగేవాడు. పక్కన ఏళ్ళుగా మావాళ్ళు అక్కడ వాయించినవాటి టేపు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పాత టేపులు జిగురు పట్టిపోతాయట. అలాగే తిప్పితే పైపూత ఊడి పాట కాస్తా రాలిపోతుందట. అందుకని సన్నని వేడి మీద ఆరబెట్టి అప్పుడు తిప్పుతారట.

"పాటల్ని కూడా బిస్కెట్లలా కాలుస్తారా నాయనా?" అన్నాను.

"మాడకుండా చూసుకోవాలి పెద్దమ్మా" అని నవ్వాడు.

మరిది నవ్వలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, బేసు పెట్టెలో పెట్టుకుని మరీ వచ్చాడు. గొట్టం గారు సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఊదీ ఊదీ బుగ్గలు సాగి కిందికి వేలాడుతున్నాయి పాపం. మా ఆయన నా పక్కన కూర్చుని తన మోకాళ్ళ వైపే చూసుకుంటున్నాడు. తోడికోడలు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"ఒక్కో వాయిద్యానికి టేపు మీద ఒక్కో దారి ఉంటుందండీ" అన్నాడు రికార్డింగాయన. "మిగతావి మూసేసి బేసు ఒక్కటే వినిపిస్తాను. లెక్క తెలియాలి కాబట్టి డ్రమ్ముల మీట రవ్వంత తెరుస్తాను. ఈ రీలు మీద రెండు టేకులున్నాయి. రెండోదే రికార్డుకి వెళ్ళింది."

"వేయండి" అన్నాడు మరిది. గొట్టం వైపు తిరిగి, "చెవులు శుభ్రం చేసుకునే వచ్చావా?" అన్నాడు.

"నీకంటే శుభ్రంగానే ఉన్నాయి, వెయ్యనీ" అన్నాడు గొట్టం.

మొదటి టేకు మొదలైంది. నాకు సంగీతం రాదు కానీ ఇన్నేళ్ళు ఆ ఇంట్లో బతికినదాన్ని, కుంటుతున్న కాలు కుంటుతున్నట్టు తెలుస్తుంది. ప్రతి దెబ్బా వెంట్రుకవాసి వెనక పడుతోంది. మధ్యలో ఆ చోటు వచ్చింది. జారుడు లేదు. రెండు స్వరాలూ విడివిడిగా ఠపా ఠపా పడ్డాయి, అంతే.

మరిది చెయ్యి ఊపాడు. "ఇది లెక్కలోది కాదు. వేళ్ళు కాచుకోవడానికి వాయించింది. రెండోది వినండి."

టేపు తిరుగుతోంది. కాసేపు ఏమీ లేదు. కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. అప్పుడు డ్రమ్ముల మైకులోంచి ఒక గొంతు వచ్చింది. పెళ్ళైన కొత్తలో గుమ్మంలోంచి నన్ను పిలిచిన గొంతు, మా ఆయనది.

"వాడు లేచేలోపు కానిచ్చేద్దాం."

వెంటనే కర్రతో లెక్క కొట్టాడు, బేసు అందుకుంది. అబ్బ, ఆ బేసు! గట్టిగా, తేలిగ్గా, ఆగిన చోట ఆగి, లేచిన చోట లేచి, గదంతా దానితో పాటు ఊపిరి తీస్తున్నట్టు ఉంది. ఆ చోటు వచ్చింది. జారింది, పడబోయింది, నిలబడింది.

రికార్డింగాయన టేపు ఆపేశాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు.

"ఎవరు లేచేలోపు?" అన్నాడు మరిది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

మా ఆయన తల ఎత్తలేదు.

"అన్నయ్యా, నిన్నే. ఎవరు లేచేలోపు?"

గొట్టం సోఫాలోంచి లేచాడు. "చెయ్యి చాపరా లావుతీగా. ఎడమ చెయ్యి." మరిది చాపలేదు. గొట్టమే వాడి మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. "అందరూ చూడండి, చేటంత చెయ్యి. ఆ రెండు స్వరాలూ వీడికి ఉన్న చోటనే అందుతాయి. చిటికెన వేలు చాపితే చాలు, చెయ్యి జరపక్కర్లేదు. మొదటి టేకులో అలాగే వాయించాడు. అదిరా నీది. వేలు అందనివాళ్ళే జారాలి. చిన్న చెయ్యి అది. అందక జారితే, ప్రపంచమంతా దాన్ని గొప్పదనం అనుకుంది. నువ్వు కూడా రికార్డు విని నేర్చుకుని, నీదేననుకుని వాయించావు."

"ఎవణ్ణి తెచ్చావ్?" మరిది చెయ్యి లాక్కున్నాడు. "ఏ సందులోంచి తెచ్చావ్ వాణ్ణి? నా బేసు, నా కుర్చీ, నా పాట! ఎవడు వాడు?"

"పేరు చెప్పనని మాటిచ్చాను. నువ్వు కాదని మాత్రం చెప్తాను. అది కూడా చెప్పేవాణ్ణి కాదు, నువ్వు రేడియోలో నన్ను దొంగ అనకపోతే."

మరిది మా ఆయన ముందుకి వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమోనని నేను లేచాను.

"నేను నీకు వీపు పెట్టి వాయించేవాణ్ణి అన్నయ్యా" అన్నాడు. "మిగతావాళ్ళని చూసేవాణ్ణి, నిన్ను చూసేవాణ్ణి కాదు. చూడాల్సిన పని లేదనుకున్నా. ఎవడు వాడు? నువ్వేం మాటివ్వలేదుగా, చెప్పు!" అని చొక్కా పట్టుకున్నాడు. బొత్తం తెగి కార్పెట్టు మీద పడింది.

"బావగారిని వదలండి."

తలుపు దగ్గర్నుంచి వచ్చింది ఆ మాట. తోడికోడలు లేచి నిలబడి ఉంది.

"వాడు కాదు. నేనే."

మరిది ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు, ఆ ఇంట్లో నేను చాలాసార్లు విన్న నవ్వే అది. తోడికోడలు ఏదైనా కూనిరాగం తీస్తే చాలు, "నీకంటే కుక్కర్ విజిల్ నయం, అది లెక్క తప్పదు" అని నలుగురిలో నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. ఇది కూడా నవ్వేది.

"నువ్వా? తాళానికి చప్పట్లు కొట్టమంటే పక్కవాళ్ళని చూసి కొట్టేదానివి, నువ్వు?" పెట్టె తెరిచి బేసు తీశాడు. పెళ్ళాం చేతుల్లో పడేసినంత పని చేశాడు. "వాయించు. గొట్టం ముందు, మా అన్నయ్య ముందు వాయించు. ముగ్గురూ కలిసి ఆడుతున్న నాటకం ఏమిటో చూస్తాను."

అది మళ్ళీ స్టూలు మీద కూర్చుని బేసుని ఒళ్ళోకి సర్దుకుంది. కొత్తవాళ్ళు పట్టుకున్నట్టు పట్టుకోలేదు. నిద్రపోతున్న పిల్లని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నట్టు సర్దుకుంది. రికార్డింగాయన మెడ పట్టీతోనే వంగి కరెంటు వైరు తెచ్చి బేసుకి గుచ్చాడు. అది ఒక్కసారి వేళ్ళు ముడిచి విప్పి మొదలుపెట్టింది.

కార్పెట్టు కింద నేల కదిలింది. చెప్తే నమ్మరు, రికార్డింగాయన తాగుతూ వదిలేసిన కప్పులో టీ వణికింది. ఆ చోటు దగ్గరకొచ్చేసరికి అందరం దాని ఎడమ చెయ్యే చూస్తున్నాం. చిటికెన వేలు సాగింది, అందలేదు. చెయ్యి మొత్తం తీగ మీద జారింది.

మధ్యలోనే ఆపేసింది. ఇక వాయించక్కర్లేదు కూడా.

నేను మా ఆయన వైపు తిరిగాను. "కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా చెప్పే మనిషివి. ఇంత సంగతి నా దగ్గర దాచావా?"

"నీకు చెబితే ఆ వీధంతటికీ చెప్పినట్టే కదే" అన్నాడు, ఆ పూట మాట్లాడిన మొదటి మాట. నిజమే అనుకోండి, ఇప్పుడు మీకు చెప్తున్నాను కదా. కానీ ఆ మాట గుచ్చుకుంది.

"ఎప్పుడు నేర్చుకున్నావ్?" అన్నాడు మరిది.

"మీరు నిద్రపోతున్నప్పుడు. మీరు చాలా నిద్రపోయేవారు."

అదే చెప్పుకుపోయింది. గొంతులో కోపం లేదు, బజారులో ఏం కొన్నదో చెప్పినట్టు చెప్పింది.

"పొద్దున తాగి వచ్చి ఆ మొదటిది వాయించి, వరండా సోఫాలో పడిపోయారు. నేను క్యారేజీ పట్టుకొచ్చాను. లోపల గురువుగారు అరుస్తున్నారు, ఇవాళ పాట పూర్తి కాకపోతే అన్నదమ్ములిద్దరికీ రేపట్నుంచి ఇక్కడ పని లేదని. బావగారు బయటికొచ్చి మిమ్మల్ని లేపారు, మొహాన నీళ్ళు కొట్టారు. మీరు లేవలేదు. ఇంటి దగ్గర బావగారు దిండు మీద కర్రలతో సాధన చేస్తుంటే నేను తీగలు మీటేదాన్ని, కరెంటు పెట్టకుండా, పక్క గదికి కూడా వినపడనంత మెల్లగా. అందుకని ఆ పూట ఆయన నా వైపు చూశారు. నేను క్యారేజీ కింద పెట్టి లోపలికెళ్ళాను. అంతే."

"లేచాక నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఉన్నాను. రికార్డు ఇంటికొచ్చిన రోజు మీరు దాన్ని పెట్టి, మళ్ళీ పెట్టి, ఏడ్చారు. 'చూడవే, తాగి పడిపోయినా నా చెయ్యి తప్పు చెయ్యలేదు' అన్నారు. ఆ మాటన్నాక ఏం చెప్పను? కొన్నాళ్ళు చూశాను. మీకు తెలుసేమో, తెలిసే ఊరుకున్నారేమో అనుకున్నాను."

"నాకు తెలియదు."

"జారుడు మీది కాదని మీ చేతికి తెలియలేదా?"

వాడు తన ఎడమ చేతిని ఎవరో ఇచ్చి వెళ్ళిన వస్తువులా చూసుకున్నాడు.

"తాళం లేదని మొదట అన్నది ఎప్పుడో గుర్తుందా మీకు?" అంది అది. "ఆ రికార్డు వచ్చిన వారంలోనే. దాని కంటే ముందు ఎప్పుడూ అనలేదు. అందుకే మీకు తెలుసేమో అనుకున్నాను."

గొట్టం గారు గెలిచాడు కదా, ఆయన మొహంలో వెలుగుంటుందేమోనని చూశాను. లేదు. సాగిన బుగ్గలతో గోడ స్పాంజి వైపు తిరిగి కూర్చున్నాడు.

మరిది చొక్కా లాక్కుని, జుట్టు సర్దుకున్నాడు. పడ్డవాడు లేచి బట్టలు దులుపుకున్నట్టు గొంతు కూడా సర్దుకున్నాడు.

"సరే" అన్నాడు. "ఒక్క పాట. రాసుకోండి దాని పేరు. కొత్త రికార్డు మీద పెద్ద అక్షరాలతో వేసుకోండి. బడి వాళ్ళకి నేనే చెప్తాను. ఉంచితే ఉంచుతారు, తీసేస్తే తీసేస్తారు." బల్ల మీద పేర్చిన డబ్బాల వైపు వేలు చూపించాడు. "ఒక్క పాట పోతే నేను పోతానా? ఆ డబ్బాల నిండా నా జీతం ఉంది, నా జీవితం ఉంది. ఆ ఓడల తర్వాతవి, ఆ ఫంక్ రికార్డులన్నీ, ఆ ప్రకటనలు, అవన్నీ నేను వాయించినవి. నిలబడి, మెలకువగా, ఈ చేత్తో."

ఇక్కడ నేను మీకు ఒకటి చెప్పాలి. స్టూడియోల్లో ఒక అలవాటుంది. వాయించినవాళ్ళు ఇంటికెళ్ళిపోయాక, తప్పు దొర్లిన ముక్క ఏదైనా ఉంటే అక్కడికక్కడ కొత్తగా వాయించి అతికేస్తారు, చిరుగుకి మాసిక వేసినట్టు. వాయించినవాడికి చెప్పరు. చెప్పాలన్న మర్యాద కూడా లేదక్కడ. ఒక్కోసారి మాసిక ఎంత పెద్దదవుతుందంటే అసలు గుడ్డ ఎక్కడుందో వెతుక్కోవాలి.

మా ఆయనకి ఆ అలవాటు తెలుసు. అందుకే మరిది డబ్బాల వైపు వేలు చూపించగానే, ఆ ముసలాయన మొట్టమొదటిసారి తల ఎత్తి మా తోడికోడలి వైపు చూశాడు. వద్దన్నట్టు చూశాడు.

మరిది ఆ చూపు పట్టుకున్నాడు. ఒకసారి అన్నని, ఒకసారి పెళ్ళాన్ని, ఒకసారి డబ్బాల్ని చూశాడు.

"ఏమిటా చూపులు?" అన్నాడు. "ఇంకా ఏమున్నాయి? ఇందులో ఇంకెన్ని వాయించావు నువ్వు?"

అది బేసుని ఒళ్ళోంచి దించలేదు.

"నేనెన్ని వాయించానని అడక్కండి" అంది. "మీరు వాయించినవి ఏవో అడగండి. అదైతే తొందరగా చెప్పేస్తాను."